పొద్దున ఊపిరి, సాయంత్రం ఊపిరి

మా కింది ఇంట్లో గచ్చు మారుస్తున్నారు. ఇవాళ పొద్దున కాఫీ గ్లాసు చేతిలోకి తీసుకున్నానో లేదో, కట్టర్ మొదలైంది. యంత్రం రాయిని కోస్తున్నప్పుడు వచ్చే ఆ కూత కడపలో ఉండేవాళ్ళకు కొత్తేమీ కాదు. బయట ఊళ్ళలో బండలకు ఈ ఊరి పేరే పెట్టి పిలుస్తారు. కానీ ఆ కూత వెనకాలే కిటికీలోంచి తెల్లటి దుమ్ము వచ్చి కాఫీ మీద పొరగా పడేసరికి గ్లాసు కిటికీలోనే వదిలేశాను. నాలుక మీద కాలిన రాయి రుచి. చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగి, "నీళ్ళు పోసుకుంటూ కోయప్పా స్వామీ! మూతికి గుడ్డయినా కట్టుకో!" అని అరిచాను. కోస్తున్న మనిషి నన్ను పిచ్చిదాన్ని చూసినట్లు చూసి, "రెండు బండలే కదక్కా, అయిపాయ" అన్నాడు. నలభై దాటినదాన్ని, డిగ్రీ కాలేజీలో పిల్లలకు స్టాటిస్టిక్స్ చెప్పుకొని బతికేదాన్ని, బండ కోసే చప్పుడుకు ఇంత భయమేమిటని మా ఆయన నవ్వుతాడు. నవ్వనీ. ఆయన సుభద్రమ్మ మేడం దగ్గర చదువుకోలేదు.

సుభద్రమ్మ మేడం కర్నూలులో మాకు ఎమ్మెస్సీ పాఠాలు చెప్పారు. రెండు వేల తర్వాత తొలి సంవత్సరాలవి. కంప్యూటర్ గదికి తాళం వేసి, ఏసీ పాడవుతుందని మమ్మల్ని లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు. లెక్కలన్నీ కాలిక్యులేటర్ మీదే. మేడం పొట్టిగా, సన్నగా ఉండేవారు. గంజి పెట్టిన నేత చీర, చాక్‌పీసు చుట్టూ కర్చీఫ్. ఆమె గొంతు పెంచగా నేను ఒక్కనాడూ వినలేదు. మా ప్రాణాలు తీసింది ఆ మెల్లని గొంతే. అరిచే మాస్టార్ల దగ్గర తల వంచుకుని నిలబడితే గాలివాన పోయినట్లు పోతుంది. ఈమె దగ్గర అట్లా కుదరదు. ప్రశ్న అడిగి, జవాబు వచ్చేదాకా మన ముఖంలోకి చూస్తూ ఉంటారు. ఆ చూపుకు మా క్లాసులో ఒకతనికి చెమటలు పట్టి, తన పేరే తప్పు చెప్పాడంటే నమ్మండి.

మిగతా మాస్టార్లు బోర్డు మీద సూత్రంతో మొదలుపెట్టేవాళ్ళు. మేడం రెండు కుప్పల అంకెలు రాసి, "వీటికి తేడా ఉందా లేదా అని చూడల్ల. ఏ పరీక్ష చేస్తావు?" అని అడిగేవారు. ముందు బెంచీ వాళ్ళు ఠక్కున "టి-టెస్ట్ మేడం" అనేవాళ్ళు. "ఎందుకు?" "రెండు గ్రూపులు ఉన్నాయి కదా మేడం." "రెండుంటే? మీ ఇంట్లో రెండు చెంబులు ఉంటే రెండింట్లోనూ నీళ్ళే ఉంటాయా?" ఆ అంకెలు ఎవరివి, వేర్వేరు మనుషులవా, ఒకే మనిషివి రెండుసార్లు తీసినవా, కొలిచినవా లేక లెక్కపెట్టినవా, గుంపులు రెండా మూడా, ఒకరిద్దరు మిగతావాళ్ళకు అందనంత దూరంలో ఉన్నారా, ఇవన్నీ చెప్పేదాకా పుస్తకం తెరవనిచ్చేవారు కాదు. "అంకె ఎట్ల పుట్టిందో తెలీకుండా పరీక్ష ఎంచుకుంటే, జబ్బేందో అడగకుండా సూది వేసినట్లు" అనేవారు. మాకేమో ఇదంతా చాదస్తంగా అనిపించేది. పైగా మా దగ్గర అంతకంటే సులువైన దారి ఒకటి ఉండేది.

ఆ దారి పేరు సీనియర్ల రికార్డు. మా డిపార్టుమెంటులో ప్రాజెక్టు చేసే ప్రతి బ్యాచ్‌కూ ముందు బ్యాచ్ వాళ్ళు తమ రికార్డు అప్పగించి పోయేవాళ్ళు, పెళ్ళికూతురికి సారె ఇచ్చినంత గౌరవంగా. పేర్లూ అంకెలూ మారిస్తే అది మన ప్రాజెక్టు. ఎప్పుడో ఎవరో రెండు ఊళ్ళ వేరుశనగ దిగుబడులు పోల్చడానికి, రెండు విడివిడి గుంపులకు చేసే టి-టెస్ట్ చేశారు. అక్కడికి అది సరైనదే. ఆ తర్వాత వచ్చినవాళ్ళు గొర్రెల బరువైనా, పిల్లల మార్కులైనా అదే పరీక్ష, అవే వాక్యాలు. గైడు సార్లు కూడా ఆ వాక్యాలకే అలవాటు పడి, వేరే మాట కనిపిస్తే కలం పట్టుకుని చికాకు పడేవాళ్ళు.

నా ప్రాజెక్టు ఊరికే పుట్టింది కాదు. మా నాయన డోన్ దగ్గర ఒక నాపరాళ్ళ షెడ్డులో కట్టర్ మీద పనిచేసేవాడు. బండ మీద నీళ్ళు పారుతూ ఉంటే దుమ్ము బురదగా కారిపోతుంది, లేవదు. కానీ మా సీమలో ఎండాకాలం బోర్లు ఎండిపోతే తాగడానికే ట్యాంకర్ కోసం బిందెలు వరుసలో పెట్టుకోవాలి, ఇంక బండలకు నీళ్ళెవరు పోస్తారు? అందుకని ఆ నెలల్లో ఒట్టి బండనే కోసేవాళ్ళు. సాయంత్రం నాయన ఇంటికి వస్తే కనుబొమలు, చెవుల మీది వెంట్రుకలు కూడా తెల్లగా ఉండేవి. ఆయన దగ్గు నాకు చిన్నప్పటి నుంచి తెలిసిన దగ్గు కాదు. లోపల ఏదో గీసుకుంటున్నట్లు ఉండేది. నేను హాస్టల్ నుంచి వచ్చినప్పుడల్లా, ఆయన దగ్గు మొదలుపెట్టగానే అమ్మా నేనూ మాటలు ఆపేసి, అది ఎప్పుడు ఆగుతుందా అని ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్ళం. అంత భయం.

మా మేనమామ కర్నూలులో ఒక విత్తనాల గోడౌన్‌లో కాపలా పని చూసి పెట్టాడు. నాయన ససేమిరా అన్నాడు. కట్టర్ మీద ఆయన చెయ్యి పడితే బండ అంచు అద్దంలా వస్తుందని పేరు. "నేను తాళంచెవులు పట్టుకొని కుక్క మాదిరి కూచోవల్లనా? దగ్గు అందరికీ ఉండాది" అన్నాడు. అమ్మ ఏడ్చింది. నేను వాదించాను. చివరికి ఆయనకే విసుగొచ్చి, "సరేమ్మా, నువ్వు చదివే చదువు ఇదే కదా? లెక్క కట్టు. పనిలోకి పోయేముందు, పని దిగినాక మా ఊపిరిలో తేడా ఉండాదని నీ లెక్క చెప్తే, మర్నాడే మానేస్తా. లేదని వస్తే ఇంగ ఆ మాట ఎత్తగూడదు, నువ్వూ మీయమ్మా" అన్నాడు. ఆయన అన్నమాట తప్పే మనిషి కాదు. నాకు అదే దిగులు పట్టుకుంది.

మా ఊరి డాక్టరు గారు ఊపిరి బలం కొలిచే గొట్టం ఒకటి అరువిచ్చి, ఎలా ఊదించాలో నేర్పారు. పొద్దున పనిలోకి దిగేముందు ఒకసారి, సాయంత్రం పని దిగాక ఒకసారి, షెడ్డులో ఉన్న వాళ్ళందరి చేతా ఊదించాను. వాళ్ళకది తిరునాళ్ళ వినోదం. నాయనతో జతగా పనిచేసే ఈరన్న అందరికంటే పొట్టి, అందరికంటే నోటి దురుసు. "ఊదప్పా, ఊదు! పెండ్లాం మీద అరిచేటప్పుడు వచ్చే గాలి ఇప్పుడు యాడికి పోయ?" అని ఒక్కొక్కరినీ ఏడిపించేవాడు. నాయన నిటారుగా నిలబడి, మీసం పక్కకు తోసుకుని ఊదాడు. గొట్టం మీది ముల్లు ఈరన్నది ఆగినచోటుకంటే చాలా పైకి పోయింది. "సూసినావా?" అన్నట్లు నా వైపు కళ్ళెగరేశాడు. సాయంత్రం ఊదినప్పుడు కళ్ళెగరేయలేదు. గొట్టం నా చేతికిచ్చి గోడకు ఆనుకున్నాడు.

హాస్టల్‌కు వచ్చి, సీనియర్ల రికార్డు ముందు పెట్టుకుని, పొద్దుటి అంకెలు ఒక గుంపు, సాయంత్రం అంకెలు ఒక గుంపు వేసి లెక్క కట్టాను. పుస్తకం వెనకాల పట్టికలో ఉన్న అంకె దరిదాపులకు కూడా నా జవాబు రాలేదు. చెప్పుకోదగ్గ తేడా లేదు! ఎగిరి గంతేశాను. నాయన బాగున్నాడు. దగ్గు అందరికీ ఉండేదే. గైడు సార్ పేజీలు తిప్పి, "ఫార్మాట్ కరెక్టుగా ఉందమ్మా" అని సంతకం పెట్టారు. ఇక డిపార్టుమెంటు తరఫున సుభద్రమ్మ మేడం సంతకం ఒక్కటి పడితే, ఆ రోజు బస్సుకే డోన్ పోయి ఇంట్లో చెప్పేద్దామని సంచి భుజానికి తగిలించుకునే ఆమె గదికి వెళ్ళాను.

మేడం సంచి వైపు చూశారు, తర్వాత రికార్డు వైపు. "పొద్దున ఊదింది ఎవరు?" "షెడ్డులో పనిచేసేవాళ్ళు మేడం." "సాయంత్రం ఊదింది?" "వాళ్ళే మేడం." ఆమె కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "వాళ్ళే అయితే, ఇంతకు రెండింతల మందిని యాడ నుంచి తెచ్చినావు?" నాకు అర్థం కాలేదు. "నీ లెక్క ప్రకారం పొద్దున ఊదినోళ్ళు వేరే, సాయంత్రం ఊదినోళ్ళు వేరే. ఒకరి ముఖం ఒకరికి తెలీదు. అట్లనే ఉందా నీ షెడ్డు?" నేను తల అడ్డంగా ఊపాను. ఊపడం అయితే ఊపాను గానీ, ఆ ఒక్క ప్రశ్నతో నాయన దగ్గు మళ్ళీ నా చెవుల్లో మొదలైంది. నాయన ఆ షెడ్డులోనే పనిచేస్తాడనీ, ఆయన జత ఈరన్న అనీ, ఎవరు ఎట్లా ఊదారో అంతా చెప్పాను.

మేడం వాళ్ళది ఆత్మకూరులో కిరాణా వ్యాపారం చేసే కుటుంబం. ఆ సంగతి నాకు ఆ రోజే తెలిసింది. "మా నాయన తక్కెడ ఎత్తినాడంటే ముందు ఒట్టి తట్టలు చూస్తాడు. ఒక తట్ట దిగి ఉంటే రెండో తట్టలో చిన్న రాయో, చిల్లపెంకో వేసి సమం చేస్తాడు. దాన్ని పాసంగం అంటాం. ఒక తక్కెడ పాసంగం ఇంకో తక్కెడకు పనికిరాదు. మీ నాయన పొడుగు, నువ్వు చెప్పే ఆ ఈరన్న పొట్టి. వాళ్ళిద్దరికీ మధ్య పుట్టుకతోనే ఇంత తేడా ఉండాది. అట్లాంటి తేడాలన్నీ ఒక కుప్పలో పోస్తే, సాయంత్రానికి ఒక్కొక్కరికి తగ్గిన కొంచెం ఊపిరి ఆ కుప్పలో యాడ కనపడుతుంది? ప్రతి మనిషి పొద్దుటి ఊపిరే ఆ మనిషికి పాసంగం. మనిషిని ఆ మనిషితోనే పోల్చు. సాయంత్రం దాంట్లో నుంచి పొద్దుటిది తీసేయ్. మిగిలిందానికి చెయ్యి పరీక్ష."

నేను ఆత్రంగా కాలిక్యులేటర్ తీశాను. ఆమె దాని మీద చెయ్యి పెట్టేశారు. "ముందు చెప్పు. నీకు తేడా రావాలని ఉందా, రాకూడదని ఉందా?" అబద్ధం ఆడదామనుకున్నాను. ఆ చూపు ముందు కుదరలేదు. "రాకూడదని మేడం. మా నాయన..." అని ఏడ్చేశాను. ఆమె ఓదార్చలేదు. నేను ఏడవడం అయ్యేదాకా కూర్చుని, "నాకు కూడా శానా భయం మే ఈ పనంటే" అన్నారు. మా అందరినీ గడగడలాడించే మనిషి ఆ మాట అంటుంటే నాకు ఇంకా భయం వేసింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో మేడం రెండు ఊళ్ళ పిల్లల పళ్ళను పోల్చారట, ఒక ఊరి చేతిపంపు నీళ్ళు మంచివా కాదా అని తేల్చడానికి. తేడా లేదని వచ్చింది. పంపు అట్లాగే ఉండిపోయింది. తర్వాత తెలిసింది, ఆ ఊళ్ళో లెక్కలోకి తీసుకున్న పిల్లల్లో చాలామంది పనులకు వలస వచ్చిన వాళ్ళ పిల్లలని, ఆ నీళ్ళు తాగడం అప్పుడే మొదలుపెట్టినవాళ్ళని. "ఎన్నాళ్ళ నుంచి తాగుతాండారని నేను అడగలేదు. తేడా కనపడలేదంటే తేడా లేదని కాదు, నేను సరిగ్గా చూడలేదని కూడా కావచ్చు. అప్పటి నుంచి ప్రతి లెక్కకూ నాకు చేతులు చల్లబడతాయి. భయం లేనోళ్ళు ఈ పని చేయగూడదు, రాజీ."

అప్పుడు ఒక తెల్లకాగితం ఇచ్చి, ఏ పరీక్ష చేస్తానో, ఎందుకు చేస్తానో అంకె ముట్టుకోకముందే రాయమన్నారు. జవాబు చూసి పరీక్ష మార్చుకుంటూ పోతే చివరికి మనకు నచ్చిన మాట పలికే పరీక్ష ఏదో ఒకటి దొరుకుతుందట. మందుల షాపుల వెంట తిరిగి తియ్యటి మందు ఏరుకునే రోగిలాగ. అందరూ ఒకే మనుషులు కాబట్టి జతల పరీక్ష అని రాశాను. ఒకరిద్దరి అంకెలు మరీ విపరీతంగా ఉంటే సగటు వాళ్ళ వైపు లాగబడుతుంది కాబట్టి, తేడాలను చిన్నదాని నుంచి పెద్దదాకా వరుసలో పేర్చి చేసే ర్యాంకుల పరీక్ష కూడా చేసి చూపుతాను, రెండింటి జవాబులూ దాచకుండా రాస్తాను అని కూడా రాయించారు. అప్పుడు కాలిక్యులేటర్ నా వైపు జరిపారు.

మొదటి తేడా, తక్కువ. రెండోది, తక్కువ. మూడోది, తక్కువ. ఒకరికి ఏమీ మారలేదు, ఒకరికి కాస్త పెరిగింది కూడా. మిగతావన్నీ కిందికే. ఈరన్నది తీసివేశాను. నాయన వంతు వచ్చేసరికి నొక్కడం ఆపేశాను. మేడం కాలిక్యులేటర్ తీసుకుని తనే నొక్కి, నాకు చూపించారు. అందరికంటే ఎక్కువ ఊపిరి పోగొట్టుకుని ఇంటికి వస్తున్న మనిషి మా నాయనే. ఇంక పట్టిక చూడక్కర్లేదని నాకు తెలుసు. అయినా చూడమన్నారు, చూశాను. రెండు పరీక్షలూ ఒకటే చెప్పాయి. "ఇది తగ్గిందని మాత్రమే చెప్తుంది. ఎందుకు తగ్గిందో లెక్క చెప్పదు, దానికి నువ్వు షెడ్డులో నిలబడి చూడల్ల" అన్నారు. నేను చూసే ఉన్నాను మేడం అన్నాను. అప్పుడు గానీ నాకు తట్టలేదు. ఆ సంతకం అడగకుండా బస్సెక్కి ఉంటే? "ఏమీ లేదు నాయనా, నువ్వు హాయిగా పనికి పో" అని నా నోటితోనే చెప్పేదాన్ని. ఆయన నమ్మేవాడు. నా మీద అంత నమ్మకం.

గైడు సార్ ఫార్మాట్ పాడైందని గొణిగారు. మేడం ఆయనతో ఏం మాట్లాడారో తెలియదు గానీ, సార్ మళ్ళీ సంతకం పెట్టారు. డోన్ పోయాక నాయన నేను చెప్పింది మొత్తం విని, చాలాసేపు చేతులు చూసుకుని, "ఆ తాళంచెవులు ఎవరి దగ్గర తీసుకోవల్లనో మీ మామను అడుగు" అన్నాడు. అమ్మ లోపలికి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను మేడంకు ఫోన్ చేసి సంతోషంగా చెప్పాను. ఆమె, "మీ నాయన సరే. అంకెలు ఇచ్చింది ఆయనొక్కడే కాదు కదా?" అన్నారు.

ఆదివారం మేడం డోన్ వచ్చారు. షెడ్డు ముందు ఆటో దిగగానే నా మణికట్టు పట్టుకున్నారు. నిజంగానే ఆ చెయ్యి చల్లగా ఉంది, ఆ ఎండలో కూడా. యజమాని గడప దగ్గరే అడ్డం వచ్చి ఏందమ్మా అన్నాడు. మేడం పక్కకు తప్పుకోలేదు. "వీళ్ళు ఊదితే వచ్చిన అంకెలు వీళ్ళవి. ఎవరిది వాళ్ళకు చెప్పి పోతాం" అన్నారు. ఒక్కొక్కరిని పిలిచి, పొద్దున ఇంత, సాయంత్రం ఇంత, తగ్గింది ఇంత అని వాళ్ళకు అర్థమయ్యేదాకా చెప్పారు. కొందరు నవ్వేశారు. కొందరు గుడ్డ కట్టుకుంటామన్నారు. ఎండాకాలం కూడా కోతకు నీళ్ళు తెప్పించమని యజమానిని అడిగితే, ఆయన చూస్తాంలే అన్నాడు.

అందరికంటే చివర ఈరన్న వచ్చాడు. ఆ రోజు అతని నోట ఎకసెక్కం లేదు. తన రెండు అంకెలూ విని, మళ్ళీ ఒకసారి చెప్పించుకున్నాడు. "మీ లెక్క సరిగానే ఉండాది అమ్మా. ఊదేటప్పుడే నాకు తెలిసిపాయ. వీళ్ళ నాయనకు కర్నూల్లో బామ్మర్ది ఉండాడు. రేపు పొద్దున నేను యాడికి పోవల్ల? అది చెప్పుండ్రి" అన్నాడు.

ఎదుటి మనిషి జవాబు చెప్పేదాకా కళ్ళు తిప్పని సుభద్రమ్మ మేడం, తలవంచుకున్నారు. నేనూ వంచుకున్నాను. అతను కాసేపు చూసి, మా మీద జాలిపడి కాబోలు, "పోనీలేండి, ఎండన పడి వచ్చినారు, నీళ్ళు తాగి పోండి" అన్నాడు.

నాయన గోడౌన్ పని చేసుకుంటూ చాలా ఏళ్ళు బతికాడు. మేడం రిటైరై, ఆత్మకూరు వెళ్ళిపోయి, అక్కడే పోయారు. నా దగ్గరికి ఇప్పుడు పిల్లలు కంప్యూటర్ మీద రెప్పపాటులో చేసిన లెక్కలు పట్టుకుని సంతకానికి వస్తారు. ఎవరిని ఎవరితో పోల్చావు, వాళ్ళు వేర్వేరు మనుషులా ఒకరేనా అని ఆమె అడిగినవన్నీ అడుగుతాను. సరైన పరీక్ష ఎంచుకున్నారని తేలాక కూడా కలం వెంటనే కదలదు. పిల్లలు నాకు కోపం వచ్చిందేమో అనుకుని బిక్కుబిక్కుమంటూ నిలబడతారు. కోపం కాదు. మేడం డోన్ వచ్చిపోయిన ఆ ఆదివారం మర్నాడు, పొద్దున ఈరన్న మామూలు వేళకే షెడ్డుకు పోయాడు. నాయన కట్టర్ ఖాళీగా ఉందని, కూలి కాస్త ఎక్కువని, దాని మీదికి మారాడు.